కాబట్టి సారు వెనకాల పద్నాలుగు రోజులు

ఆ రోజుల్లో కాలేజీకి వెళ్లే ఆడపిల్లకి లోకమంతా మోకాళ్ల కిందే ఉండేది. తల ఎత్తకూడదని ఎవరూ చట్టం చెయ్యలేదు గానీ, ఎత్తితే ఏమవుతుందో చూద్దామనే ధైర్యం నాలాంటి వాళ్లకి ఉండేది కాదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి కాలేజీ దాకా రోజూ నడిచే దారిలో నాకు ఎదురైనవన్నీ పాదాలే. పోస్టుమాను తోలుచెప్పులు, గార్డుగారి నల్ల బూట్లు, చర్చి గంట కొట్టే తాతగారి బొటనవేలికి ఎప్పుడూ ఉండే గుడ్డ కట్టు. ముఖం చూపించి ఎవరని అడిగితే నీళ్లు నమిలేదాన్ని. పాదం చూపిస్తే ఇల్లు ఏ వరసలో ఉందో కూడా చెప్పేదాన్ని. (గొప్పకి చెప్పడం లేదు. మా సొంత మేనమామ స్టేషన్లో ఎదురుపడి పలకరిస్తే, ఆయన ఆ రోజు కొత్త చెప్పులు వేసుకున్న పాపానికి, ఎవరో అనుకుని పక్కకి తప్పుకుపోయిన దాన్ని.)

పోలీసు యాక్షన్ అయి మూడు నెలలు దాటింది. కర్ఫ్యూలు పోయాయి, రైళ్లు మళ్లీ వేళకి కూత పెడుతున్నాయి, మా కాలేజీ ఒక టర్ము ఎలాగో కుంటుతూ నడిచి క్రిస్మస్ సెలవులకి మూతపడింది. మగపిల్లలు ఎందరో నేను లెక్కపెట్టలేదు, తల ఎత్తితే కదా. ఆడపిల్లలం మాత్రం తొమ్మిది మందిమి. వరండా చివర ఆకుపచ్చ తెర కట్టిన లేడీస్ రూములో కూర్చునేవాళ్లం. గంట కొట్టగానే లెక్చరరుగారు ఆ తెర ముందు నుంచి నడిచి వెళ్తారు. ఆ పాఠం ఉన్నవాళ్లం లేచి, బాతు వెనక పిల్లల్లాగా ఆయన వెనకే క్లాసుకి వెళ్లి, ఆయన బల్ల పక్కన వేసిన బెంచీ మీద కూర్చుంటాం. పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనకే తెరలోకి వచ్చి పడతాం. ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే గానీ, పోలీసు యాక్షన్ తర్వాత మద్రాసు వైపు నుంచి వచ్చిన కొత్త ప్రిన్సిపాలుగారికి నోటితో చెప్పుకునే పద్ధతుల మీద నమ్మకం లేదు. దాన్ని కాయితం మీద పెట్టించి, ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ మూడు భాషల్లో మా గదిలో అంటించారు. "విద్యార్థినులు అధ్యాపకుని వెంట తరగతిలోనికి పోవలెను. అధ్యాపకుని వెంట వెలుపలికి రావలెను. పాఠము జరుగుచుండగా ఏ విద్యార్థినియు లేచిపోరాదు." ఎదురుగా చదవడానికి మరేమీ లేక మేం దాన్ని కంఠస్థం చేశాం.

నా కష్టం హాజరు దగ్గర వచ్చింది. పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనాలి. నేను అనేదాన్ని. దేవుడి సాక్షిగా ప్రతిరోజూ అనేదాన్ని. కానీ ఆ మాట నా పెదవులు దాటి, పమిట దాటి, బల్ల దాకా వెళ్లేలోగా దారిలో ఎక్కడో చచ్చిపోయేది. చరిత్ర చెప్పే సారు (పానిపట్టు యుద్ధాలు మొదలుపెడితే ఏడాది గడిచినా అక్కడి నుంచి కదిలేవారు కాదు, అందుకని పానిపట్టు సారు) ఒకసారి చూసి, రెండోసారి పిలిచి, గీత పెట్టేసేవారు. తను పిలుస్తున్న మనిషి తన మోచేతికి మూడడుగుల దూరంలోనే ఉందని ఆయనకీ తెలియదు. ఆయనా మొహమాటస్తుడు, ఆడపిల్లల బెంచీ వైపు చూసేవారు కాదు. టర్ము చివర మా ఇంటికి కార్డు వచ్చింది. మీ కుమార్తె హాజరు చాలినంత లేదు, ఈసారికి క్షమించడమైనది అని.

మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. తను ఆఫీసుకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్లని మనిషి. ఆ కార్డు మూడుసార్లు చదివారు. "రోజూ పుస్తకాలు పట్టుకుని నువ్వు వెళ్తున్నది ఎక్కడికమ్మా?" అన్నారు. కాలేజీకే నాన్నా అన్నాను. "ఏమిటీ?" అన్నారు. అమ్మ మధ్యలో వచ్చి "కాలేజీకేనంటోంది" అని అనువాదం చేసింది. నాన్న కార్డు పక్కన పెట్టి చెప్పారు: "చూడమ్మా, పేరు పెట్టి పిలిస్తే పలకలేని మనిషికి కాలేజీ చదువు ఎందుకు? మన చర్చి బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే పని ఉంది. అక్కడ చెయ్యి కదిలితే చాలు. ఈ టర్ములో ఇంకొక్క కార్డు వచ్చిందా, మానిపించి అందులో చేర్పిస్తాను." కోపంగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన నా మేలు కోరి చెప్తున్నారు. అదే భయం వేసింది. నాకు చదువంటే ప్రాణం. కాలేజీ లైబ్రరీలో ఇంకా తెరవని బీరువాలు పదకొండున్నాయి.

కాబట్టి సెలవుల్లో కూర్చుని నా డైరీలో కొత్త టర్ముకి ప్రణాళిక రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చూస్తే ఒక సైన్యాధిపతి రాసినట్టుంటుంది. గంట కొట్టగానే అందరికంటే ముందు లేవాలి, ఎప్పటిలా ఆఖరున కాదు. హాజరుకి అందరికీ వినబడేలా పలకాలి. లైబ్రరీలో చీటీ రాసి తోయకుండా, పుస్తకం పేరు నోటితో అడగాలి. టర్ము పూర్తయ్యేలోగా కనీసం ఒక లెక్చరరు ముఖం చూడాలి. సాధన కోసం వంటింట్లో గోడకి ఎదురుగా నిలబడి "ప్రెజెంట్ సార్" అనేదాన్ని. ఒకరోజు అమ్మ వెనక నుంచి వచ్చి, "ఎవరితోనే?" అనేసరికి ఆ రోజుకి సాధన ఆగిపోయింది.

ఇక్కడ బూట్ల సంగతి చెప్పాలి. సైన్యం వాళ్లు వాడి వదిలేసిన సామాను కంటోన్మెంటులో గుట్టలుగా పోసి అమ్మేశారు ఆ చలికాలంలో. కంబళ్లు, నీళ్ల డబ్బాలు, ముఖ్యంగా బూట్లు. ఎర్రమట్టి రంగు, మడమకి ఇనప లాడం, నడిస్తే గుర్రం వచ్చినట్టు చప్పుడు. క్రిస్మస్ సెలవులకి నాలుగు రోజుల ముందు పానిపట్టు సారు ఒక జత కొని వేసుకొచ్చారు. తెర వెనక మాకదో పండగ. నేనైతే ఆ బూట్లని బాగా గుర్తుపెట్టుకున్నాను. కానీ సెలవుల్లో ఊరు ఊరంతా ఆ గుట్ట మీద పడిందని, సికిందరాబాదులో సగం మంది మగవాళ్లు ఒకే కాళ్లతో తిరుగుతున్నారని నాకేం తెలుసు?

టర్ము తెరిచిన రోజు. రెండో గంట చరిత్ర. గంట మోగింది. తెర కింద నుంచి ఎర్రమట్టి బూట్లు టకటకమంటూ కదిలిపోయాయి. ప్రణాళిక ప్రకారం నేను అందరికంటే ముందు లేచాను. వెనక నుంచి ఎవరో "ఏయ్, ఏయ్" అన్నారు. నా కొత్త చురుకుదనం చూసి ఆశ్చర్యపోతున్నారు కాబోలు అనుకుని ఇంకా నిటారుగా నడిచాను. బూట్లు మెట్లు ఎక్కాయి, నేనూ ఎక్కాను. బూట్లు ఒక గదిలోకి తిరిగాయి, నేనూ తిరిగాను. ఒక్కసారిగా గది నిశ్శబ్దమైపోయింది. బెంచీ మీద కూర్చుంటే నా పక్కన ఎవరూ లేరు. మీదికి చూస్తే (అవసరం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది) అది పానిపట్టు సారు కాదు. తెల్లటి మీసాలు, మెడ చుట్టూ మఫ్లరు, నోరు తెరుచుకుని నన్నే చూస్తున్న ముసలాయన. తర్కశాస్త్రం చెప్పే సారు. ప్రతి వాక్యానికీ ముందు "కాబట్టి" అంటారని కాలేజీ అంతా కాబట్టి సారు అనేవాళ్లు.

నేను లేచి వెళ్లిపోవాల్సింది. ఇప్పుడు మీరు సులభంగా అంటారు. అప్పుడు లేవాలంటే గదినిండా ఉన్న మగపిల్లల ముందు నిలబడాలి, తలుపు దాకా పది అడుగులు వెయ్యాలి, పైగా పాఠం మధ్యలో లేచిపోరాదని మూడు భాషల్లో రాసి ఉంది. నేను అక్కడే గడ్డకట్టుకుపోయాను. ఆయన మెల్లగా దగ్గరికి వచ్చి, తన చేతిరుమాలుతో నా పక్కన బెంచీ మీద ఉన్న దుమ్ము తుడిచారు. "తొమ్మిదేళ్లయిందమ్మా," అన్నారు, "ఈ బెంచీ మీద ఒక ఆడపిల్ల కూర్చుని. తర్కం అంటే భయపడతారు. నువ్వొచ్చావు. కాబట్టి నీకు భయం లేదు." పేరడిగారు. చెప్పాను. వినబడలేదు. చీటీ మీద పేరూ, మెట్టుగూడ అనీ రాసిచ్చాను. రిజిస్టరులో వెతికి, "ఆఫీసు నుంచి నీ పేరు ఇంకా రాలేదన్నమాట, వస్తుందిలే," అని అట్టడుగున పెన్సిలుతో రాసుకున్నారు. తర్వాత బోర్డు మీద రాశారు: మెట్టుగూడలో ఉండేవాళ్లందరూ రైలు కూతకి నిద్ర లేస్తారు. ఈ అమ్మాయి మెట్టుగూడలో ఉంటుంది. సుద్దముక్క పైకెత్తి క్లాసు వైపు తిరిగారు. "కాబట్టి?"

క్లాసంతా జవాబు అరిచింది. నిజమే కదా అనుకున్నాను. ఆయన ఆగలేదు. "రైలు కూతకి నిద్ర లేచేవాళ్లందరూ మెట్టుగూడ వాళ్లేనా?" అన్నారు. "అవును సార్!" అని మళ్లీ అరిచారు. కాదు, అనుకున్నాను. బొల్లారంలోనూ రైలు కూస్తుంది. బొల్లారం అమ్మాయి కూడా దానికే లేస్తుంది. నా పెదవులు కదిలాయి కాబోలు, ఆయన నన్నే చూసి, "చూశారా, ఈ అమ్మాయికి తెలిసిపోయింది," అన్నారు. ఆ గంటంతా నాకు పుస్తకాల పేజీల్లో తప్ప ఎక్కడా దొరకని ఆనందం దొరికింది. గంట అయ్యాక ఆయన వెనకే బయటికి వచ్చి తెరలో పడి, అప్పుడు గుర్తొచ్చింది: చరిత్రలో ఆబ్సెంటు.

బొల్లారం అంటే నా ఒక్కగానొక్క స్నేహితురాలు. అక్కడ మిలటరీ వాళ్ల బట్టలు కుట్టే దర్జీగారి కూతురు, రైల్లో వస్తుంది, నాతో చరిత్ర చదువుతుంది. నేను తనని బొల్లారం అంటే తను నన్ను మెట్టుగూడ అనేది. ఇద్దరం రెండు స్టేషన్లలాగా ఉండేవాళ్లం. "ఏందే మెట్టుగూడ, పిల్సినా ఆగకుంట ఆ ముసలాయన ఎంబడి వడి గట్ల ఉరికినవ్?" అంది. బూట్ల సంగతి చెప్పాను. గోడకి ఆనుకుని నవ్వి నవ్వి, బుర్ఖా అంచుతో కళ్లు తుడుచుకుని, "సరే తియ్, ఒక్క దినమే కద. రేపటి సంది నా కొంగు పట్టుకో," అంది.

రేపు వచ్చింది. గంట కొట్టగానే బూట్లు వచ్చి తెర ముందు ఆగాయి. "మెట్టుగూడ అమ్మా, రా తల్లీ," అని కాబట్టి సారు గొంతు. పానిపట్టు సారు టీ తాగి పది నిమిషాలు ఆలస్యంగా గానీ వచ్చేవారు కాదు. పేరు పెట్టి పిలిచిన పెద్దమనిషితో, నేను మీ దాన్ని కాదండీ అని ఎలా చెప్పడం? లేచి వెళ్లాను. మూడో రోజూ వచ్చారు. నాలుగో రోజు నా కోసం తరగతిలో బెంచీని ఎండ తగలని వైపుకి జరిపించారు. ఆరో రోజుకి స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నారట, నా క్లాసులో ఒక అమ్మాయి చేరిందని.

చెప్పడానికి ప్రయత్నించలేదనుకోకండి. "సార్, నేను చరిత్ర విద్యార్థినిని" అని చీటీ రాసి ఇచ్చాను. పాఠంలో సందేహం అనుకుని, "ఇంటికెళ్లి తీరిగ్గా చూసి చెప్తానమ్మా," అని కోటు జేబులో పెట్టుకున్నారు. ఆ కోటు జేబులోకి వెళ్లినది ఏదీ మళ్లీ బయటికి వచ్చినట్టు చరిత్రలో లేదు. అప్పుడు బొల్లారం నడుం కట్టింది. "నువ్వు జెర పక్కకు జరుగు. నేను చెప్తా ఆయనకు," అని తెర దాటి వెళ్లింది. ఎవరికీ జంకని పిల్ల. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. "ఏమైంది?" అన్నాను. "నేను నోరు తెరుస్తున్ననో లేదో, నువ్వు సుత చేర్తవా బిడ్డా అన్నడే. ఈద్ చాంద్ కనవడ్డట్టు చూసిండే నన్ను. ఇగ నాకేం మాట వస్తది?"

పోనీ నా బదులు చరిత్రలో తనే "ప్రెజెంట్ సార్" అంటానంది. అన్నది కూడా. పానిపట్టు సారు రిజిస్టరు మీద నుంచి తల ఎత్తకుండానే, "ఆ అమ్మాయి గొంతు వినబడదు. ఇది వినబడింది. ఇది ఆ అమ్మాయి కాదు," అని గీత పెట్టేశారట. "ఆయన సుత నీ తర్కం సారు లెక్కనే తయారైండు," అని బొల్లారం తల పట్టుకుంది.

నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా ఉంది, డైరీలో తప్ప ఎక్కడా ఒప్పుకోలేదు. నాకు వెళ్లాలనే ఉండేది. చరిత్రలో నాకు తెలియని తారీఖులు ఎవరో చెప్తే రాసుకోవాలి. తర్కంలో నాకు తెలిసినదాన్నే నేను ఎలా తెలుసుకున్నానో కనిపెట్టాలి. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా కాబట్టి, కాబట్టి అనుకునేదాన్ని. ఒక పక్క కార్డు వస్తుందని భయం, ఇంకో పక్క గంట ఎప్పుడు కొడతారా అని ఆత్రం. ఇలా పద్నాలుగు రోజులు.

పదిహేనో రోజు ఉదయం కార్డు వచ్చింది. చరిత్రలో ఒక్క రోజు కూడా హాజరు లేదు, తండ్రి స్వయంగా వచ్చి ప్రిన్సిపాలుని కలవాలి. నాన్న ఆ కార్డుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పెళ్లి రోజున కూడా సెలవు పెట్టని మనిషి ఆ రోజు పూట సెలవు పెట్టి నాతో నడిచారు. దారంతా నేను ఆయన చెప్పులనే చూస్తూ వెనక నడిచాను.

ప్రిన్సిపాలుగారి గదిలో పానిపట్టు సారు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డారు. మూలన గుమాస్తా. "పద్నాలుగు రోజులు ఎక్కడికి వెళ్లావు?" అని అడిగారు ప్రిన్సిపాలుగారు. "క్లాసుకే సార్," అన్నాను. "ఏమిటీ?" మళ్లీ అన్నాను. "ఈ అమ్మాయి మాట్లాడుతోందా?" అని ఆయన మా నాన్నని అడిగారు. నాన్న కుర్చీలో కొంచెం ముందుకి వంగి, "అయ్యా, తమ టైము పాడు చెయ్యను. మా అమ్మాయికి బుద్ధి ఉంది, గొంతు లేదు. తప్పు నాదే, అడగ్గానే చేర్పించాను. టీసీ ఇప్పించండి, తీసుకుపోతాను," అన్నారు. గుమాస్తా ఫారం తీసి, కలం సిరాలో ముంచి, "ఏం కారణం రాయమంటారు?" అన్నాడు. "స్వంత కారణాలు అని రాయండి," అన్నారు నాన్న. కలం కాయితం మీద గీకిన చప్పుడు నాకు వినిపించింది.

అప్పుడే వరండాలో టకటకమని బూట్లు. "ఇక్కడున్నావా అమ్మా!" అంటూ కాబట్టి సారు తలుపులో ప్రత్యక్షమయ్యారు. "గంట కొట్టి అయిదు నిమిషాలైంది. ఆ రూములో లేవన్నారు. నువ్వు లేకుండా ఈ పాఠం మొదలుపెట్టను, చాలా ముఖ్యమైంది." ప్రిన్సిపాలుగారు, "ఈ అమ్మాయి మీ క్లాసుకి వస్తోందా?" అన్నారు. "వస్తోందా ఏమిటండీ! ఒక్క రోజు తప్పలేదు," అని ఆయన రిజిస్టరు తెరిచి, అడుగున పెన్సిలుతో పెట్టుకున్న పద్నాలుగు గుర్తులు వేలుతో చూపించారు. ప్రిన్సిపాలుగారి ముఖం గంభీరమైంది. "ఈమె చరిత్ర విద్యార్థిని. చెప్పకుండా ఇంకో క్లాసులో కూర్చుందన్నమాట. ఇది ఇంకా పెద్ద తప్పు," అన్నారు. కాబట్టి సారు చెయ్యి రిజిస్టరు మీద అలాగే ఆగిపోయింది. నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "అంటే నువ్వు నా స్టూడెంటువి కాదా అమ్మా?" అన్నారు.

ఏం జరిగిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక పక్క టీసీ ఫారం నిండుతోంది, ఇంకో పక్క ఆయన ముఖం అలా అయిపోయింది. నా లోపల ఇన్నాళ్లూ పమిట దగ్గర చచ్చిపోయిన మాటలన్నీ ఒక్కసారి లేచినట్టయింది. "సార్!" అన్నాను. ఆ గొంతుకి గుమాస్తా ఉలిక్కిపడి ఫారం మీద సిరా ఒలకబోశాడు. నేనూ ఉలిక్కిపడ్డాను, కానీ ఆగలేదు. "సార్, మీ నోటీసు ప్రకారం ఆడపిల్ల అధ్యాపకుడి వెంట తరగతిలోకి పోవాలి. ఈయన అధ్యాపకుడు. కాబట్టి నేను ఈయన వెంట పోవడం తప్పు కాదు. పోయాక పాఠం మధ్యలో లేవకూడదు. కాబట్టి నేను కూర్చోవడమూ తప్పు కాదు. అయ్యాక ఆయన వెంటే బయటికి రావాలి. వచ్చాను. ఏ అధ్యాపకుడి వెంటో మీ నోటీసులో లేదు సార్, తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. పద్నాలుగు రోజులూ నేను మీ నియమం తప్పలేదు. కాబట్టి కాలేజీలో ఉన్నదాన్ని లేనట్టు రాసి ఇంటికి పంపడం న్యాయం కాదు!"

వరండాలో నడుస్తున్న కాళ్ల చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ప్రిన్సిపాలుగారు సొరుగులోంచి తన నోటీసు నకలు తీసి, మొదటి నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదివారు. మళ్లీ చదివారు. కాబట్టి సారు మీసాల కింద నుంచి నవ్వు మెల్లగా బయటికి వస్తోంది. "ఇందులో కన్నం ఎక్కడైనా ఉంటే చూపించండి సార్," అన్నారు, "నాకైతే దొరకలేదు."

పానిపట్టు సారు ఊరుకోలేదు. "అంతా బాగానే ఉందమ్మా. మొదటి రోజు నా వెనక రావాల్సిన దానివి ఆయన వెనక ఎందుకు వెళ్లావు?" అన్నారు. గొంతు ఎలాగూ వచ్చింది కదా అని నిజం చెప్పేశాను. "నేను బూట్లు చూసి వెళ్తాను సార్. మీ ఇద్దరి బూట్లూ ఒకటే." ఇద్దరు లెక్చరర్లూ కిందికి చూశారు. ఒకే ఎర్రమట్టి రంగు, ఒకే లాడం, ఒకే ముక్కు, కవలపిల్లల్లా నాలుగు బూట్లు. మా నాన్న కూడా చూశారు. సరిగ్గా అప్పుడే బల్ల కింద టక్కుమని చప్పుడైంది. ప్రిన్సిపాలుగారు తన పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నారు. కానీ బాగా ఆలస్యమైంది. నాకు పాదాలు చూడ్డంలో ఉన్న అనుభవం ఆయనకేం తెలుసు? మూడో జత.

ఆయన రెండుసార్లు దగ్గారు. తర్వాత చాలా అధికారికంగా చెప్పారు: ఉర్దూలో చదివినవాళ్లు ఇంగ్లీషుకి మారుతున్నందున సబ్జెక్టులు మార్చుకునే గడువు నెలాఖరు దాకా ఉంది. అమ్మాయి ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. పద్నాలుగు రోజుల హాజరూ చెల్లుతుంది. "ఏది కావాలి?" అన్నారు. "తర్కం సార్," అన్నాను, రెండోసారి అడిగించుకోకుండా. పానిపట్టు సారు నొచ్చుకున్నారు. "ఈసారి తప్పకుండా పానిపట్టు దాటిస్తానమ్మా, ఉండిపోరాదూ?" అన్నారు పాపం. కాబట్టి సారు ఆ పక్కనే నిలబడి గుమాస్తా కలం అడిగి తీసుకుని, పెన్సిలుతో ఉన్న నా పేరు మీద సిరాతో దిద్దుకున్నారు. ఒక్కో అక్షరమే. మర్నాడు లేడీస్ రూములో నోటీసు చూస్తే, "అధ్యాపకుని" అన్న మాటకి ముందు ప్రిన్సిపాలుగారి చేతిరాతతో మూడు భాషల్లోనూ "తమ" అని చేర్చి ఉంది. బొల్లారం దాని ముందు నిలబడి, "మనం సర్కారు కానూన్లనే మార్పిచ్చినం," అని ఊరంతా చెప్పుకుంది. (అందులో తన పాలు ఏమిటో నేను అడగలేదు. స్నేహం అన్నాక ఉంటుంది.)

టీసీ తప్పిన ఆ రోజు నాన్న ఆఫీసుకి వెళ్లలేదు, పూట సెలవు రోజు సెలవైంది. నా తర్కం క్లాసు అయ్యేదాకా గేటు బయట నిలబడ్డారు. ఇద్దరం నడిచి రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోతోంది. "ఆ గొంతు ఎక్కడిదమ్మా?" అన్నారు. తెలియదు నాన్నా అన్నాను. బండి చప్పుడుకి వినబడక "ఏమిటీ?" అని వంగారు. నేను బలమంతా పెట్టి, "తెలియదు నాన్నా!" అని అరిచాను. ఆ క్షణానికే బండి దాటిపోయింది. గేటు దగ్గరున్న సైకిళ్ల వాళ్లు, జట్కావాడు, జట్కా గుర్రం కూడా నన్నే చూశారు. నాన్న నవ్వు ఆపుకోవడానికి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం అన్నాలకి కూర్చున్నాం. మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ నాన్నదే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవే మాటలు, అదే వరస. ఆ రోజు ఆయన కళ్లు మూసుకోకుండా అమ్మ వైపు చూసి, "ఇవాళ అమ్మాయి చేస్తుంది," అన్నారు. చేశాను. మొదలైతే పెట్టాను గానీ ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. చుట్టాలూ పక్కాలూ అయ్యారు, ఇరుగుపొరుగు అయ్యారు, మొత్తం హైదరాబాదు రాష్ట్రం అయింది, ఇంకా దేవుడికి చెప్పాల్సినవి వస్తూనే ఉన్నాయి. పక్క క్వార్టరులో మాటలు ఆగిపోయాయి. చారు చల్లారిపోయింది. ఒకసారి కన్ను కొంచెం తెరిచి చూస్తే, నాన్న కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నారు. ఇద్దరం గబుక్కున మూసేసుకున్నాం. చివరికి నేను ఆమెన్ అన్నాను. నాకంటే గట్టిగా నాన్న అన్నారు.

ఇప్పుడు నేను నలుగురిలో మాట్లాడే ఉద్యోగమే చేస్తున్నాను. అయినా ఇంట్లో ప్రార్థన నా వంతు వస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తాను, ఆకలి మీద ఉంటాను కదా. "అంతేనా?" అని అమ్మ అంటుంది. అంతేనమ్మా అంటాను. కానీ కళ్లు తెరిచే ముందు ఒక్క క్షణం, అన్నం చల్లారిపోతున్నా దేవుణ్ణి వదిలిపెట్టని ఆ పిల్ల గుర్తొస్తుంది. ఇంకాసేపు మాట్లాడు, ఫరవాలేదు, ఎవరూ లేవరులే అని చెప్పాలనిపిస్తుంది.